రోజు విడిచి రోజు దగ్గిన కారు

ముందే చెప్పేస్తున్నాను, మీరు మాత్రం ఆ కారుని ఆడిపోసుకోకండి. ఇప్పటికే దాన్ని అందరూ ఆడిపోసుకున్నారు. పక్కన పంచర్లు వేసే మేస్త్రిగారి బావమరిది తిట్టాడు, ఎదురుగా జిరాక్సులు తీసే అమ్మాయి నవ్వింది, చివరికి దాన్ని నడిపే నర్సమ్మ కూడా ఒకరోజు స్టీరింగు మీద చేత్తో గుద్దింది. పాపం, ఇరవై ఆరేళ్ల బండి. కార్లకి ఇరవై ఆరంటే మనుషులకి డెబ్బై దాటినట్టే. ఆ వయసులో పొద్దున్నే నాలుగు దగ్గులు దగ్గితే తప్పు పట్టగలమా? రోజూ దగ్గినా బాగుండేది. ఒకరోజు దగ్గేది, మర్నాడు మానేసేది. మేస్త్రి ముందుకి తెచ్చి నిలబెడితే నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు కూర్చునేది.

అసలు చెప్పాల్సింది ఆ మేస్త్రి గురించి.

యాభై ఎనిమిదేళ్లుంటాయి ఆయనకి. బక్కపలచటి మనిషి. వంగి పనిచేసీ చేసీ, నిటారుగా నిలబడ్డప్పుడు కూడా ఏదో బానెట్ కింద తల దూర్చినట్టే ఉంటాడు. వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు, చెవి మేస్త్రి అంటారు. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. ఒక కాలు విరిగితే కింద ఇటుకలు పేర్చిన బల్ల. గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన పానాలు, ఏ పానా ఎక్కడుండాలో గోడమీద దాని బొమ్మ. తుక్కుకి పోయిన వ్యానులోంచి పీకిన వెనక సీటొకటి తలుపు పక్కన వేశాడు, వచ్చినవాళ్లు కూర్చోడానికి. కుడివైపు కూర్చుంటే స్ప్రింగు గుచ్చుకుంటుంది. తెలిసినవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. పని నేర్పిన గురువు ఆయన చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి పెట్టి, "కళ్లు మూసుకుని ఇంజన్ని వినరా. కళ్లు తెరిస్తే నీకు ఇనుమే కనిపిస్తది, జబ్బు కనిపించదు" అన్నాడట. అప్పట్నుంచీ అదే ఆయన స్టెతస్కోపు. మొనని ఇంజను మీద ఆనించి, చెక్క పిడిని చెవి ముందున్న ఎముకకి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడతాడు. నలభై ఏళ్లుగా ఆయన తలనూనె పీల్చీ పీల్చీ ఆ పిడి నల్లద్రాక్షలా మెరుస్తుంది. బేరింగు అరిగిందో, వాల్వు వదులైందో అలా విని చెప్పేస్తాడు. పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు అదే అవుతుంది. ఆ పదోసారి గురించి ఆయన మాట్లాడడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. బండి తెచ్చినవాళ్లని ముందుగా, "ఎలా కొట్టుకుంటోందో నోటితో చేసి చూపించండి" అంటాడు. ఎంతటివాళ్లయినా సరే చేయాల్సిందే. మెడకి టై కట్టుకున్న బ్యాంకు మేనేజరొకాయన ఆ వ్యాను సీటు పక్కన నిలబడి "గుర్ర్ర్... టకటకటక... ఫుస్" అన్నాడంటే జిరాక్సు అమ్మాయి కాగితాలు పక్కన పెట్టి మరీ చూసింది. మొదట్లో అది సరదాకి పెట్టిన పద్ధతే. నోటితో చేసి చూపించేటప్పుడు మనుషులు అబద్ధం చెప్పలేరని ఆయన నమ్మకం. ఈ మధ్య మాత్రం అది సరదా కాదు.

ఎందుకంటే, ఆయన చెవి పోతోంది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ల కిందట ఒక వాషరు చేతిలోంచి జారి సిమెంటు నేలమీద పడింది. పడిందని కళ్లకి తెలిసింది, చెవులకి తెలియలేదు. దొర్లుకుంటూ బల్ల కిందకి పోయింది, మాటా పలుకూ లేకుండా. వంగి దాన్ని తీసి, ఇంకోసారి కావాలనే కింద పడేశాడు. అప్పుడూ అంతే. ఆ రోజంతా ఆయన సరిగా పని చేయలేదు.

లావు చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. లారీ, తలుపు, బావమరిది గొంతు. సన్నవే పోయాయి. ఫోను మోగితే వినపడదు, ఫోన్లో దుమ్ము చేరిందంటాడు. కుక్కరు ఈల వినపడదు, గ్యాసు సరిగా రావట్లేదంటాడు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే, "ఈ మధ్య జనం ఏంటో నోట్లోనే మాట్లాడుకుంటున్నారు" అని విసుక్కుంటాడు. ఆయన లెక్కలో లోకంలో అన్నీ పాడైపోయాయి, ఆయన చెవులు తప్ప.

నవ్వకండి. ఆయన సంగతి ఆలోచించండి ఒకసారి. కొత్త కార్లన్నీ కూడలి దగ్గరున్న పెద్ద షాపుకి పోతాయి. అక్కడ బండికి వైరు తగిలించి, తెరమీద చూసి జబ్బు చెప్తారు. చెవి మేస్త్రి దగ్గరికి వచ్చేవి ఆ వైరు తగిలించడానికి చోటైనా లేని పాత బళ్లే. వాటిని వినేవాడు కావాలి. ఆ వినేవాడికే వినపడదని వీధిలో తెలిస్తే ఇంక ఆ షెడ్డులో మిగిలేది రేకులే.

ఇలాంటి సమయంలో వచ్చింది నర్సమ్మ కారు.

నర్సమ్మంటే ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చి, సూదులు వేసి, ఒళ్లు తుడిచి వస్తుంది. పొద్దున్న ఐదున్నరకే బయల్దేరాలి. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టే ఉంటుంది. మొదటిరోజు మధ్యాహ్నం వచ్చి సీటు ఎడమవైపే కూర్చుంది. ఎవరు చెప్పారో మరి.

"నోటితో చెయ్యమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆవిడ సిగ్గుపడలేదు. రోగుల దగ్గర ఇంతకన్నా చాలా చేసినావిడ. గొంతు సవరించుకుని, "డుర్ర్ర్... టిక్ టిక్ టిక్... దబ్. డుర్ర్ర్... టిక్ టిక్... దబ్ దబ్" అంది. "ఆ దబ్ అన్నప్పుడు బండి ముందుకి తూలుతుంది మేస్త్రిగారూ. మనిషి ఎక్కిళ్లు పెట్టినట్టు."

"ఆ దబ్ సరే. మధ్యలో టిక్కెక్కణ్నుంచి వచ్చింది?"

"వస్తదండి. సన్నగా."

"రాదమ్మా. టిక్కు గడియారంలో వస్తది, కార్లో రాదు. ఇంజను మిస్ అవుతోంది, అంతే. ఇంకోసారి చెయ్యి, టిక్కు తీసేసి."

ఆవిడ టిక్కు తీసేసి చేసింది. జబ్బు ఫలానా అని ఆవిడ మొదటిరోజే నోటితో చెప్పేసిందన్నమాట. చెప్పింది సరిగా లేదని ఈయన దిద్దాడు. ఆయనకి వినపడని చప్పుడు ఆయన లోకంలో లేదు కదా మరి.

ఇంజను మిస్ అవడమంటే తెలుసుగా, నాలుగు సిలిండర్లలో ఒకటి మధ్యమధ్యలో పని ఎగ్గొట్టడం. మిగిలిన మూడూ దాన్ని మోసుకుంటూ పోతాయి, అందుకే ఆ తూలుడు. ఎగ్గొట్టేదాన్ని పట్టుకోవాలంటే అది ఎగ్గొడుతున్నప్పుడు పట్టుకోవాలి. షెడ్డులో ఆ కారు ఒక్కసారీ ఎగ్గొట్టలేదు. స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు, నాలుగూ సమానంగా కొట్టుకుంటున్నాయి. ప్లగ్గులు మార్చి పంపించాడు.

ఐదు రోజులకి ఆవిడ మళ్లీ వచ్చింది. కార్బొరేటరు విప్పి పెట్రోలుతో కడిగాడు. ఇంకో వారానికి మళ్లీ వచ్చింది. పెట్రోలు ఫిల్టరూ, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూతా మార్చాడు. ప్లగ్గు వైర్లని గుడ్డతో శుభ్రంగా తుడిచి, వంచి చూసి, మళ్లీ తగిలించాడు. ప్రతిసారీ తనే నడుపుకుంటూ నాలుగు వీధులు తిరిగొచ్చాడు. వెన్నలా నడిచింది.

"బావా, ఆ కారుకి నువ్వంటే భయం," అన్నాడు బావమరిది, ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసుకుంటూ. "నిన్ను చూడగానే నోరు మూసుకుంటోంది. మా అక్కని చూసి నువ్వు మూసుకుంటావే, అచ్చం అలాగ."

"నీ ట్యూబు చూసుకోరా నువ్వు."

"నాదేముంది, గాలి ఎక్కడ పోతోందో నీళ్లే చెప్తాయి. నీకే పాపం అన్నీ చెవిలో చెప్పాలి."

బావమరిది తెలిసి అన్న మాట కాదది. అయినా మేస్త్రి మొహం మాడింది. లోపలికెళ్లి, అక్కర్లేకపోయినా పానాలన్నీ దించి తుడుచుకున్నాడు.

నాలుగోసారి, ఇరవయ్యో తారీఖున, ఆవిడ అసలు తిట్టలేదు. అదే ఆయన్ని తినేసింది. వచ్చి సీటులో కూలబడి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

"పొద్దున నాలుగు రోడ్ల మధ్యలో ఆగిపోయింది," అంది తర్వాత. "వెనకాల బస్సు. డ్రైవరు దిగొచ్చి అరుస్తున్నాడు. అవతల పెద్దాయన పుండు కట్టు తడిసిపోయి, నేనొస్తానని చూస్తున్నాడు. వెళ్లేసరికి గంట లేటు. ఆయనా ఏమీ అనలేదు. నొప్పికి ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు."

మేస్త్రి చేతిలో గుడ్డని నలుపుతూ నిలబడ్డాడు. "తిట్టమ్మా. తిడితే నాకూ తేలికవుతది."

"తిట్టే ఓపిక లేదు మేస్త్రిగారూ. రేపు మధ్యాహ్నం దాకా మీ దగ్గరే ఉంచండి. నేను బస్సులో తిరుగుతా. అప్పటికీ తేలకపోతే ఏమనుకోకండి, పెద్ద షాపుకి తీసుకెళ్తా. వాళ్లు పాత బళ్లకి కూడా ఏదో మిషను తెప్పించారట."

ఏమనుకోకండి అన్న మాట ఒకటి ఉంది చూశారూ, అది అన్నాక అనుకోకుండా ఉండటం ఎవరి తరం?

ఆ సాయంత్రం ఆయన కారుని షెడ్డు లోపలికి తోసి, పైన పాత దుప్పటి కూడా కప్పాడు. తెల్లారి ఐదున్నరకే, ఆవిడ బయల్దేరే వేళకే, వచ్చి సెల్ఫ్ కొట్టాడు. ఒక్క కూతకే అందుకుంది. స్క్రూడ్రైవరు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ధన్, ధన్, ధన్, ధన్. నాలుగు సిలిండర్లూ వరసగా. మళ్లీ మొదటిది. ఆరయింది, ఏడయింది. నడుం పట్టేస్తే కారు మీదే వాలి విన్నాడు. చెవి ముందు ఎముక నొప్పెట్టింది. ఒక దశలో ఆయన వింటున్నది ఇంజన్నా, తన గుండెనా అన్నది కూడా తెలియలేదు. తొమ్మిదింటికి ఇంజను ఆపి, ఆ వ్యాను సీటులో మర్చిపోయి కుడివైపు కూర్చున్నాడు. స్ప్రింగు గుచ్చుకుంది. లేవలేదు.

జబ్బు బండిలో లేదేమో, నాలోనే ఉందేమో. బండి దగ్గుతూనే ఉందేమో, నాకే వినపడట్లేదేమో. ఇదీ ఆయన మనసులో తిరుగుతున్న మాట.

పన్నెండు దాటాక ఆయన భార్య క్యారేజీ పట్టుకొచ్చింది. ఇంట్లో బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు తీయడం ఎప్పుడూ మర్చిపోతుంది. ఆయన మొహం చూసి క్యారేజీ బల్లమీద పెట్టింది. వెనకాలే నర్సమ్మ వచ్చింది, బస్సు దిగి నడిచొచ్చిన చెమటతో.

"దొరకలేదు కదూ," అంది మేస్త్రిని చూస్తూనే. తర్వాత సంచీలోంచి మడత కాగితం తీసింది. "ఇది నిన్నే ఇద్దామనుకున్నా, ఇంట్లో ఉండిపోయింది. జ్వరం వచ్చినవాళ్లకి రాస్తాం కదా, తారీఖులవారీగా చుక్కలు పెట్టి. దీనికీ పెట్టా. బండి తూలిన రోజు చుక్క, తూలని రోజు ఖాళీ."

కాగితం బల్లమీద పరిచింది. మూడో తారీఖున చుక్క. ఐదున, ఏడున, తొమ్మిదిన, పదకొండున. తర్వాత నాలుగు రోజులు ఖాళీ. మళ్లీ పదహారున, పద్దెనిమిదిన, నిన్న ఇరవైన.

"రోజు విడిచి రోజు జ్వరం," అంది నర్సమ్మ. "మనిషైతే దోమ కుట్టిందనేదాన్ని."

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఆ రోజుల్లో ఏమైనా వేరే దారిన వెళ్తావా? బరువేమైనా ఎక్కిస్తావా?"

"అదే దారి, అదే నేను."

అన్నం పెడదామని గిన్నెలు విప్పుతున్న భార్య కాగితం మీదకి వంగి చూసింది. "ఇవి నీళ్లొచ్చే రోజులు కదూ," అంది.

ఇద్దరూ ఆవిడ వంక చూశారు.

"కొళాయి నీళ్లండీ. మూడు, ఐదు, ఏడు. పదమూడున మెయిన్ పైపు పగిలింది కదా, పదిహేను దాకా చుక్క రాలేదు. మళ్లీ పదహారున వదిలారు. ఆ మూడు రోజులూ బిందెలు మోసింది నేను, నాకు తెలీదా? అమ్మా, మీ ఇంటికీ ఇదే లైను కదూ?"

"ఇదే అక్కా," అంది నర్సమ్మ. అని ఆగిపోయింది. "తెల్లారుజామున మా ఓనరు మోటరు వేసి మర్చిపోయి పడుకుంటాడు. మేడమీద ట్యాంకు నిండి పొంగిపోతది. నా కారు పెట్టేది దాని కిందే."

మేస్త్రి లేచి వెళ్లి బానెట్ మూసి, దాని వెనక అంచు మీద వేలు పెట్టి జరిపాడు. ఒకచోట రబ్బరు పట్టీ ఊడిపోయి, వేలు దూరేంత సందుంది. ఆ సందుకి సరిగ్గా కింద ప్లగ్గు వైర్లు. తను కారు చూసిందెప్పుడూ మధ్యాహ్నమే, ఇంజను వేడికి అంతా ఆరిపోయాక. నిన్న ఒక్కరోజు ఉంచుకుంటే, జలుబు చేస్తుందేమోనన్నట్టు దుప్పటి కప్పి మరీ పడుకోబెట్టాడు.

"ఒరేయ్, ఇట్రా," అని బావమరిదిని కేకేశాడు. "సీట్లో కూర్చుని, నేను చెప్పినప్పుడు రేస్ ఇవ్వు."

"బావా, దొరికిందా?"

"కూర్చోరా ముందు."

కారు వెనకభాగం పెరటి తలుపు వైపు తిప్పించి, పొగ పోవడానికి ఆ తలుపు కాస్త తెరిచి ఉంచి, ముందు షట్టరు కిందకి లాగేశాడు. మిట్టమధ్యాహ్నం షెడ్డులో చీకటి పడింది. రేకుల మేకు కంతల్లోంచి మాత్రం సన్నటి వెలుగు గీతలు దిగాయి. అద్దాలు తుడిచే స్ప్రే సీసా తీసుకుని, ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్ల మీద మంచు పడ్డట్టు నీళ్లు చల్లాడు. ఒకటోది. రెండోది. మూడోది.

దబ్.

కారు మొత్తం తూలింది. బావమరిది సీట్లోంచి "అమ్మో" అన్నాడు.

మేస్త్రి వంగి చూశాడు. మూడో వైరు, ఇంజన్ని పట్టుకున్న ఇనుప బద్దీకి రాసుకునే చోట, నీలంగా దారప్పోగులాంటిది ఒకటి వైర్లోంచి బద్దీ మీదకి దూకింది. ఆగింది. మళ్లీ దూకింది. ప్లగ్గుకి పోవాల్సిన కరెంటు దారిలోనే ఇనుములోకి పారిపోతోంది. వెంట్రుకంత పగులు. ఆరినప్పుడు మూసుకునేది, తడిసినప్పుడు తెరుచుకునేది. ఈ వైర్నే ఆయన గుడ్డతో తుడిచి, వంచి చూసి, బాగుందని మళ్లీ తగిలించింది.

"ఏవండీ, ఆ టిక్కు టిక్కుమనేది ఏంటి?" అంది భార్య చీకట్లోంచి. "లోపల బల్లేమైనా ఇరుక్కుందా?"

"అదే అక్కా," అంది నర్సమ్మ. "నేను మొదటిరోజు చేసి చూపించింది అదే. టిక్ టిక్ టిక్, తర్వాత దబ్."

మేస్త్రి ఆ నీలం పోగుని చూస్తూ ఉండిపోయాడు. జానెడు దూరంలో ఉంది. దూకుతోంది, ఆగుతోంది, దూకుతోంది. ఆయనకి మటుకు దాని నోరెవరో నొక్కేసినట్టే ఉంది.

"ఇప్పుడూ వినిపిస్తోందా?" అని అడిగాడు.

"వినపడకపోవడమేంటి," అంది భార్య.  చీకట్లో ఆవిడ మెడలో టేపుని వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

ఆయన చెయ్యెత్తి ఇంజను ఆపమన్నాడు. షట్టరు లేపాడు. వెలుతురుకి అందరూ కళ్లు చిట్లించుకున్నారు. వైరు మార్చడం ఎంతసేపు, పావుగంట. బానెట్ అంచుకి కొత్త రబ్బరు అంటించాడు. మళ్లీ నీళ్లు చల్లి చూశాడు. సీసా ఖాళీ అయ్యేదాకా చల్లినా బండి చలించలేదు.

"బావ పట్టేశాడు," అని బావమరిది బయటికెళ్లి జిరాక్సు అమ్మాయికి చాటింపు వేశాడు. "మూడు వారాలు తిప్పలు పెట్టిందా, నీళ్లు చల్లి మరీ కక్కించాడు."

గెలిచిన మనిషి మొహం అలా ఉండదు. మేస్త్రి బకెట్టు దగ్గర కూర్చుని చేతులకి సబ్బు రుద్దుకుంటూ ఉన్నాడు, మురికి పోయిన తర్వాత కూడా. నర్సమ్మ వచ్చి వెనకాల నిలబడింది.

"మేస్త్రిగారూ, ఒక చిన్న పరీక్ష చేస్తాను. మా వాళ్లకి చేసేదే. అలాగే కూర్చోండి, వెనక్కి తిరక్కండి. చెవి దగ్గర చప్పుడు వినిపిస్తే ఆ వైపు చెయ్యెత్తండి."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ."

"నా బండికి మీరు నాలుగుసార్లు చేశారు కదా. నేను ఒక్కసారే."

ఆయన కూర్చున్నాడు. కాసేపు చూశాడు. నీళ్లలో సబ్బు నురగ విడిపోతోంది. బావమరిది తొట్టిలో బుడగలు వినిపిస్తున్నట్టే అనిపించింది, నిజంగా వినిపించాయో, చూసి అనుకున్నాడో.

"ఊఁ, మొదలుపెట్టమ్మా," అన్నాడు.

"రెండు వైపులా అయిపోయిందండి," అంది నర్సమ్మ.

ఆవిడ జ్వరం చుక్కల కాగితం వెనకవైపు ఏదో రాసి, చించి ఆయన చొక్కా జేబులో పెట్టింది. చెవుల డాక్టరుకి చీటీ. గురువారం నాలుగింటినుంచి ఆరింటిదాకా ఉంటాడట, తన పేరు చెప్తే ముందు చూస్తాడట. "మూడు వారాలు ఆగకండి, నా కార్లాగ," అని చెప్పి బండెక్కి వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా బండి ఒక్కసారీ దగ్గలేదు. ఆయన విని కాదు, చూసి తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య కుట్టు మిషను ముందు, ఈయన గుమ్మంలో. మధ్యలో ఎవరిదో స్కూలు బట్టల కుప్ప.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగాడు.

ఆవిడ తొక్కుడు ఆపలేదు. "రెండేళ్లు. ఇదివరకు నా మిషను కీచుమంటే నాకన్నా ముందు మీరే లేచి నూనె వేసేవాళ్లు. విసుక్కుంటూ వేసేవాళ్లు. రెండేళ్లుగా నేనే వేసుకుంటున్నా."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారని చూశా." దారం కొరికింది. "ఒక్కోసారి నూనె వెయ్యకుండా వదిలేసేదాన్ని, లేస్తారేమోనని. రెండు రోజులు అలా అరుస్తూనే ఉండేది. పక్కింటావిడ వచ్చి అడిగింది కూడాను."

ఆయన గుమ్మానికి తల ఆనించుకున్నాడు. "డాక్టరు చెవిలో మిషను పెట్టుకోమంటాడు. అది పెట్టుకుని షెడ్డులో కూర్చుంటే ఎవడొస్తాడు?"

"కళ్లజోడు పెట్టుకునే నేను సూదిలో దారం ఎక్కించట్లేదా? నా దగ్గరికి ఎవరూ రావట్లేదా?"

"బట్టలు వేరు."

"అవును, వేరే," అంది ఆవిడ. "బట్టలు నీళ్లు చల్లితే దగ్గవు."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వేసరికి అలసట ఇంకా పైకొచ్చింది. గురువారం వెళ్తానన్నాడు.

వెళ్లాడు కూడా. అబద్ధం చెప్పకూడదు. మూడున్నరకే చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, చీటీ జేబులో పెట్టుకుని బయల్దేరాడు. అలవాటుకొద్దీ స్క్రూడ్రైవరు కూడా సంచీలో పడేసుకున్నాడు. ఆసుపత్రి కనిపించే మలుపుదాకా వెళ్లాడు. అక్కడ సిగ్నలు దగ్గర ముసలి కారొకటి ఆగి ఉంది. దాని కడుపులోంచి లావుగా, బరువుగా ఒక చప్పుడు. డుమ్, డుమ్, డుమ్. ఎవరూ నోటితో చేసి చూపించక్కర్లేదు. రోడ్డుకి ఇవతల నిలబడి కూడా ఆయనకి శుభ్రంగా వినిపించింది.

కళ్లు మూసుకుని ఒక క్షణం విన్నాడు. తర్వాత వెళ్లి అద్దం మీద తట్టాడు.

"బాబూ, పక్కకి తీసి ఆపు. బేరింగు పోతోంది. ఇలాగే నడిపితే ఇంజను పట్టేస్తది."

స్టీరింగు ముందు కూర్చున్నాయన ఎవరో ఏమిటో, పాపం, భయపడి పక్కకి తీశాడు. బానెట్ లేచింది. స్క్రూడ్రైవరు బయటికొచ్చింది. ఏ బేరింగో ఖాయం చేసుకోవాలి, బండిని మెల్లగా షెడ్డుదాకా తోయించాలి, బావమరిదిని కేకేయాలి. ఇవన్నీ అయ్యేసరికి ఏడయింది. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో కాస్త కళ కనిపించిందని బావమరిది వాళ్లక్కతో చెప్పాడు.

ఆవిడ చొక్కా నీళ్లలో వేసేముందు జేబులోంచి చీటీ తీసి, చేత్తో సాపు చేసి, మర్నాడు తొడుక్కునే చొక్కా జేబులో పెట్టింది. అక్షరాల మీద ఒక నూనె వేలిముద్ర పడింది కానీ, గురువారం అన్న మాట ఇంకా చదవొస్తుంది. ఆ తర్వాత నాలుగు గురువారాలు వెళ్లాయి. రోజుకో చొక్కా మారుతోంది, చీటీ మాత్రం జేబులోనే ఉంది.